ఆప్టిమైజర్ వల్ల కానిది ఒక్క ఇంపోర్ట్ లైనుతో అయింది

తెలుగు వికీపీడియా డంప్‌లో (అన్ని పేజీలూ కలిపి ఇచ్చే పెద్ద ఫైలు) ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి, పని అంతే. స్పెల్‌చెకర్ ఒకటి రాసుకుంటున్నాను, దానికి మాటల జాబితా కావాలి. పైథాన్‌లో అయితే ఒక పూటలో తేలిపోయేది, కానీ అప్పటికి ఆరు నెలలుగా హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను కాబట్టి నిజంగా అవసరమైన పని ఒకటి దాంట్లోనే చేయాలని పట్టుబట్టాను. మూడు వారాలు పట్టింది.

మొదటి దెబ్బ వేగం దగ్గర కాదు, అక్షరాల దగ్గర తగిలింది. మాటల చుట్టూ ఉన్న చుక్కలు, కామాలు తీసేయడానికి లైబ్రరీలో ఉన్న ఈజ్‌ఆల్ఫా వాడాను, అక్షరమా కాదా అని చెప్పే ఫంక్షన్ అది. ఫలితంలో "తెలుగు" అన్న చోటల్లా "తలగ" అని వచ్చింది! యూనికోడ్ లెక్కలో మన గుణింతాలు అక్షరాలు కావు, మార్కులు. అందుకని ఈజ్‌ఆల్ఫా వాటిని కాదంటుంది. ఈజ్‌మార్క్ కూడా కలిపితే సరిపోయింది అనుకున్నాను, కానీ "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట కింద వ చేరకుండా ఆపే కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది, కోడ్ 8204, అది అక్షరమూ కాదు, మార్కూ కాదు. దాన్ని విడిగా అనుమతించాల్సి వచ్చింది.

తర్వాత మెమరీ. చిన్న ఫైలు మీద బాగానే నడిచిన ప్రోగ్రామ్ మొత్తం డంప్ ఇచ్చేసరికి లాప్‌టాప్‌ను కదలనివ్వలేదు. హాస్కెల్‌లో మామూలు స్ట్రింగ్ అంటే ఒక్కో క్యారెక్టర్‌తో గొలుసులా కట్టిన లింక్డ్ లిస్ట్. 64 బిట్ మెషీన్‌లో ఒక్కో లింకుకు 24 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలైతే హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ ముందే చేసిపెట్టుకున్నవి వాడుకుంటుంది, ఆ సౌకర్యం తెలుగు అక్షరాలకు లేదు కాబట్టి విడిగా ఇంకో 16 బైట్ల దాకా పడుతుంది. "తెలుగు" అన్న ఒక్క మాటలో 6 కోడ్‌పాయింట్లు (అక్షరాలు, గుణింతపు మార్కులు విడివిడిగా లెక్కపెడితే), అంటే 240 బైట్లు. అదే టెక్స్ట్ లైబ్రరీలో అయితే లోపల యూటీఎఫ్-8, అక్షరాలకు 18 బైట్లే. వెంటనే టెక్స్ట్‌కి మారాను.

అయినా మెమరీ పెరుగుతూనే ఉంది. ఇక్కడే నాకు అసలు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే నేను చదివినవన్నీ చేశాను. హాస్కెల్ లేజీ భాష, అడిగేదాకా లెక్క చేయదు. అందుకని లిస్ట్ మీద నడుస్తూ లెక్క కూడబెట్టే ఫోల్డ్‌ఎల్ బదులు, ప్రతి అడుగులో లెక్క తేల్చే (స్ట్రిక్ట్) ఫోల్డ్‌ఎల్ ప్రైమ్ పెట్టాను, గట్టిగా ఆప్టిమైజ్ చేయమని కంపైలర్‌కి మైనస్ ఓ2 ఇచ్చాను. కంపైలర్ బయటపెట్టే కోర్ (ఆప్టిమైజ్ చేశాక కోడ్ ఎలా ఉందో చూపించే రూపం) కూడా తెరిచి చదివాను. లిస్ట్‌ను మార్చే మ్యాప్, ఏరే ఫిల్టర్ అనే ఫంక్షన్లు పక్కపక్కనే రాస్తే మధ్యలో పుట్టాల్సిన లిస్ట్ పుట్టనే లేదు, రెండూ కలిసి ఒకే లూప్ అయిపోయాయి. (దీన్ని ఫ్యూజన్ అంటారు, జీహెచ్‌సీ వాడే పద్ధతి మీద మూల పేపర్ 1993లో వచ్చింది. లైబ్రరీ ఫంక్షన్లను ఒక పద్ధతిలో రాసి, పక్కన రీరైట్ రూల్స్ పెట్టడం వల్లే ఇది సాధ్యం. అంతకుముందు నేను చేత్తో రాసుకున్న రికర్షన్ మీద ఆ రూల్స్ ఒక్కటీ పనిచేయలేదు.) మొత్తం మాటల సంఖ్య లెక్కపెట్టే చోట ఇంట్ పక్కన # గుర్తు కనిపించింది, అంటే అది పెట్టెలో పెట్టని నేరు అంకె. కంపైలర్ ఇంత శ్రద్ధగా పనిచేస్తుంటే మెమరీ ఎవరు తింటున్నారు?

పాత ఆఫీసులో నాకంటే సీనియర్ ఒకాయన ఉన్నారు, ఆయనకు ఫోన్ చేశాను. "అన్నా, ఫోల్డ్ స్ట్రిక్ట్‌గానే ఉంది కదా" అన్నాను. "మ్యాప్ ఏది ఇంపోర్ట్ చేశావ్?" అని అడిగాడు. ఇది ఇందాకటి మ్యాప్ ఫంక్షన్ కాదు, ఒక్కో మాట పక్కన దాని లెక్క దాచుకునే పట్టిక. డేటా.మ్యాప్ అన్నాను. అక్కడ దొరికింది.

ఫోల్డ్‌ఎల్ ప్రైమ్ ప్రతి అడుగులో మ్యాప్‌ను లెక్కగడుతుంది, నిజమే, కానీ పైపైన మాత్రమే. చెట్టు కొమ్మలు గట్టివే, కాయలే పచ్చివి. "అని" అనే మాట కనపడిన ప్రతిసారీ మ్యాప్‌లో లెక్క పెంచాల్సిన ఇన్సర్ట్‌విత్ ఫంక్షన్ ఒకటి కలపలేదు, "పాతదానికి ఒకటి కలపాలి" అని ఒక చీటీ రాసి, పాత చీటీ మీద పెట్టి పోయింది. ఆ చీటీనే థంక్ అంటారు. లక్షసార్లు వస్తే లక్ష చీటీల దొంతర.

"మరి ఆప్టిమైజర్ దీన్ని ఎందుకు పట్టుకోలేదన్నా?"

"నువ్వు ఆ విలువ ఎప్పటికీ అడగకపోవచ్చు కదా తమ్ముడూ. అడగని లెక్క ముందే చేస్తే, అందులో ఎర్రర్ ఉంటే, ఆగకూడని ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అర్థం మార్చే హక్కు కంపైలర్‌కి లేదు."

డేటా.మ్యాప్.స్ట్రిక్ట్ అని మార్చాను. రెండిట్లోనూ మ్యాప్ టైప్ ఒక్కటే, ఫంక్షన్లే వేరు, కాబట్టి ఇంకో లైను ముట్టుకోలేదు. మెమరీ బాగా తగ్గింది. నాకు మాత్రం కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. లెక్కపెట్టడం అనే మామూలు పనికి పనికొచ్చే మ్యాప్ పొడుగు పేరు వెనక ఉంది, చిన్న పేరు లేజీదానికి ఇచ్చారు. కొత్తవాళ్లు చిన్న పేరే కదా పట్టుకునేది? హాస్కెల్ మొదటి నిర్వచనం వచ్చింది 1990లో, ఫోల్డ్‌ఎల్ ప్రైమ్ ఇంపోర్ట్ అక్కర్లేకుండా ప్రెల్యూడ్‌లోకి వచ్చింది 2024లో, జీహెచ్‌సీ 9.10తో. పాత కోడ్ విరగకూడదన్న జాగ్రత్త నాకు అర్థమవుతుంది, కానీ ఆ జాగ్రత్త ఖరీదు ఇలా రాత్రుళ్లు కూర్చునేవాళ్లు కడుతున్నారు.

ఇంకొకటి మిగిలింది. పేజీని స్ప్లిట్‌తో ముక్కలు చేస్తే ప్రతి మాటా ఆ పేజీ టెక్స్ట్‌లోకే వేలు చూపిస్తుంది, కాపీ కాదు. వేగానికి మంచిదే, కానీ అరుదైన మాట ఒక్కటి మ్యాప్‌లో ఉంటే చాలు, దాని కోసం పేజీ అంతా మెమరీలో ఉండిపోతుంది. మ్యాప్‌లో పెట్టేముందు టెక్స్ట్ లైబ్రరీలోని కాపీ ఫంక్షన్ పిలవాలి. డాక్యుమెంటేషన్‌లో ఇది రాసే ఉంది, తర్వాత చూశాను.

రన్ పెట్టి టీ తాగి వచ్చేసరికి జాబితా వచ్చింది. ముందు "సాఫ్ట్‌వేర్" కోసం వెతికాను. రెండు రూపాల్లో ఉంది, కనపడని గుర్తు ఉన్నదొకటి, లేనిదొకటి, వేర్వేరు లెక్కలతో. ఇప్పుడు వాటిని కలిపే పని మీద ఉన్నాను.