ఒకే మీట మీద రెండు అక్షరాలు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చాలా ఇళ్ళలో తెలుగే మాట్లాడుతారు. ఆ ఇళ్ళ పిల్లలు ఐదేళ్ళు నిండి బడిలో అడుగు పెట్టేసరికి పలక మీద ఒడియా అక్షరాలు, గోడ మీద ఒడియా మాటలు, టీచరు నోట ఒడియా పాట ఎదురవుతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పడిన సరిహద్దు మా ఊరికీ పక్కనే ఇప్పటి ఆంధ్రలో ఉన్న పాతపట్నానికీ మధ్య నుంచి పోయింది గాని, అటూ ఇటూ పెళ్ళి సంబంధాలూ సంతలూ జోలపాటలూ అలాగే సాగుతున్నాయి. నేను ఈ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా ఒకటి, రెండు, మూడు తరగతులకు చదువు చెబుతున్నాను. పిల్లలు నన్ను ఒడియా వాడుక ప్రకారం "గురుమా" అని పిలుస్తారు. ఇంత చిన్నపిల్లల చేతికి ట్యాబ్, కంప్యూటర్ ఇవ్వవచ్చా, ఇస్తే ఎప్పుడు, ఎంతసేపు, ఎలా అని ఈ మధ్య తల్లిదండ్రులు తరచుగా అడుగుతున్నారు. వారికి విడివిడిగా చెప్పిన జవాబునే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇదే ఊళ్ళో నేను ముందు పనిచేసిన ఒక పాఠశాలకు ఒక ఏడు పది ట్యాబ్‌లు వచ్చాయి. వాటిలో ఇంగ్లీషు మాటలు నేర్పే ఆట ఒకటి ఉండేది. తెర మీద నాలుగు బొమ్మలు కనబడతాయి, ఒక మాట వినబడుతుంది, సరైన బొమ్మను నొక్కితే చప్పట్ల మోతతో పాటు ఒక నక్షత్రం వస్తుంది. నెల తిరిగేసరికి ఒకటో తరగతి పిల్లలందరికీ పదుల కొద్దీ నక్షత్రాలు చేరాయి, మేమందరం సంతోషించాము. ఒక మధ్యాహ్నం ఒక పాప పక్కన కూర్చుని చూస్తే అసలు సంగతి తెలిసింది. ఆ పాప మాట వినడమే లేదు. నాలుగు బొమ్మలనూ వరుసగా నొక్కుకుంటూ పోతే ఏదో ఒకటి చప్పట్లు కొడుతుందని కనిపెట్టి, అదే చేస్తోంది. ట్యాబ్ పక్కన పెట్టి అదే మాట నేను పలికి బొమ్మ చూపమంటే నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ పాప తప్పేమీ చేయలేదు. ఆట ఏది నేర్పిందో దానిని చక్కగా నేర్చుకుంది. యంత్రం చేత ఏ పని చేయించుకోవాలో ఆలోచించకుండా, దానిని పిల్లల చేతికి ఇవ్వడమే పాఠం అనుకున్న తప్పు మాది.

అప్పటి నుంచి, పిల్లల చేయీ చెవీ నోరూ చేయగల పనిని యంత్రానికి అప్పగించకూడదని నాకు నేను నియమం పెట్టుకున్నాను. అక్షరం దిద్దడం అలాంటి పని. తెలుగు ఇళ్ళలో అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో పోసిన బియ్యంలో పిల్లవాడి వేలు పట్టుకుని రాయిస్తాము. ఒడియా ఇళ్ళలో ఖడిఛుఆఁ నాడు సుద్దముక్క పట్టించి బ్రహ్మ విష్ణు మహేశ్వరుల పేరిట మూడు సున్నాలు దిద్దిస్తారు. బియ్యపు గింజలు వేలికి అడ్డుపడుతూ పక్కకు జరుగుతాయి, సుద్ద పలక మీద గీరుకుంటుంది. ఎక్కడ ఎంత ఒత్తాలో, ఎక్కడ తిప్పాలో ఆ ఒరిపిడి వల్లనే చేతికి తెలుస్తుంది. గాజు తెర మీద వేలు జారిపోతుంది, పైగా నేను చూసిన యాప్‌లలో కొన్ని వంకర గీతను కూడా తామే సరిచేసి మెచ్చుకుంటాయి. తెలుగు, ఒడియా రెండూ తాటాకు మీద గంటంతో రాసిన కాలపు గుండ్రని లిపులు. ఆ వంపు మణికట్టుకు పట్టుబడడానికి మా తరగతిలో ఏడాదికి పైగా పడుతుంది. అందుచేత మొదటి రెండేళ్ళూ రాత అంతా పలక మీద, కాగితం మీదనే.

చేయి చేయలేని పని ఒకటుంది. పిల్లవాడి మాటను పట్టి ఉంచి తిరిగి వాడికే వినిపించడం. కనుక ఒకటో తరగతిలో నేను మొదట పరిచయం చేసేది ట్యాబ్‌లోని వాయిస్ రికార్డర్. ముగ్గురికి ఒక ట్యాబ్ ఇస్తాను. ఒకరు బటన్ నొక్కుతారు, ఒకరు మాట్లాడుతారు, ఒకరు విని తాము విన్నది చెబుతారు, ఆ తరువాత వంతులు మారుతాయి. తొలిసారి తమ గొంతు విన్న పిల్లల్లో సగం మంది "అది నా గొంతు కాదు గురుమా" అని వాదిస్తారు. మన గొంతు మనకు గాలి ద్వారానే గాక తల ఎముకల ద్వారా కూడా వినబడుతుంది. రికార్డింగులో ఆ రెండో భాగం ఉండదు కనుక కొత్త గొంతులా తోస్తుంది. ఈ సంగతి చెప్పడానికి వారిని చెవులు రెండూ మూసుకుని "మ్" అనమంటాను. తలలో మోగే ఆ మోత విని వారు తెల్లబోవడం చూడడం నాకు ఏటా పండుగే.

తరువాత ఒక వస్తువునో బొమ్మనో చూపి దానికి ఇంటి మాట చెప్పమంటాను. చెట్టు, నీళ్ళు, చేప, పువ్వు అని ఒక్కొక్కటీ రికార్డు అయ్యాక, అదే వరుసలో బడి మాటలు: గొఛొ, పాణి, మాఛొ, ఫులొ. రెండు వరుసలనూ పక్కపక్కన వినిపిస్తే, తెలిసిన వస్తువుకే ఇంకొక పేరు నేర్చుకుంటున్నామని ఆరేళ్ళ పిల్లకు నేను వివరించనక్కరలేకుండానే అర్థమవుతుంది. మూడు నెలలు తరగతిలో నోరు విప్పని ఒక బాబు, ట్యాబ్ ముందు కూర్చోబెట్టి తెలుగులో ఏదైనా చెప్పమంటే, వాళ్ళ మామ్మ చెప్పిన నక్క కథను మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. వాడికి మాటలు సరిగా రావని మేము అనుకుంటూ వచ్చాము. వాడికి రానిది ఒడియా.

ఈ రికార్డింగులను నేను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టను, పెట్టమని కోరిన తల్లిదండ్రులకు కూడా పంపను. బడికి వచ్చి వినవచ్చునని చెబుతాను. నెలాఖరున పిల్లల ఎదుటే చెరిపివేస్తాము. పిల్ల గొంతు ఆ పిల్లదని, దానిని ఎవరు వినాలో అడిగి చేయాలని ఆ వయసులోనే తెలియడం మంచిదని నా నమ్మకం.

ఇంటి మాట నుంచి బడి మాటకు తీసుకుపోవాలన్న ఆలోచన ఈ ఊరికి కొత్తది కాదు. గిడుగు వేంకట రామమూర్తి గారు 1880లో ఇక్కడికి ఉపాధ్యాయుడిగా వచ్చి, పక్క కొండల్లోని సవరల భాషను వారి నోటి నుంచే విని నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు తయారుచేసి బడులు నడిపారు. ఆయనకు వినడానికి ఉన్నది తన చెవి, రాసుకోవడానికి ఉన్నది కలమూ కాగితమూ. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాము. మా తరగతిలో ఆ రోజు సవర పిల్లలు తమ ఇంటి మాటలు చెబితే మిగిలిన వారు విని పలుకుతారు.

ఎంతసేపు అన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. ఐదేళ్ళ లోపు పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచనలు ఇచ్చింది: రెండు నుంచి నాలుగేళ్ళ వారికి తెర ముందు కూర్చునే కాలం రోజుకు గంట మించరాదు, ఎంత తగ్గితే అంత మేలు. మా ఒకటో తరగతిలో వారానికి మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ద్వారా దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలో వచ్చే వీడియోలను ప్రొజెక్టర్ మీద అందరికీ ఒకేసారి చూపి, మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతాను. ఆపకుండా చూపిన వీడియో పాఠంగా పనికివచ్చిన రోజు నాకు గుర్తు లేదు. ఇంకొక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసిన తరువాత, కరెంటు లేకపోతే ఆగిపోయే పాఠాన్ని నేను తయారుచేసుకోవడం మానుకున్నాను.

మూడో తరగతిలో, చేతిరాత కుదురుకున్నాక, కీబోర్డు ముందుకు వస్తుంది. ఇక్కడ రెండు భాషల పిల్లలకు ఒక వరం వంటి ఏర్పాటు ఉంది. 1991 నాటి భారత ప్రమాణంలో చేరిన ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో, తెలుగు, ఒడియా వంటి భారతీయ లిపుల్లో దేనిలో రాసినా ఒక అక్షరానికి ఒకటే మీట. తెలుగు 'క' వచ్చే మీటనే భాష మార్చి నొక్కితే ఒడియా 'క' వస్తుంది. తెలుగు పిల్ల దానిని "క" అని, ఒడియా పిల్ల "కొ" అని చదువుతారు. షిఫ్ట్ పట్టుకుని అదే మీటను నొక్కితే 'ఖ'. గుణింతపు గుర్తులు ఎడమ చేతి కింద, హల్లులు ఎక్కువగా కుడి చేతి కింద ఉంటాయి. నేను మొదట "పద్మ" అని రాయిస్తాను. ప, ద, పొల్లు, మ అని నాలుగు నొక్కులు. మావత్తును చేతితో ఒక ప్రత్యేకమైన గుర్తుగా రాసే పిల్లలు, 'ద్' తరువాత 'మ' చేరితేనే ఆ వత్తు పుట్టిందని తెర మీద తమ కళ్ళతో చూస్తారు. భాష మార్చి అవే నాలుగు మీటలను అదే వరుసలో నొక్కితే ఒడియాలో అదే పువ్వు పేరు వస్తుంది. తాము నేర్చుకున్నది రెండోసారి నేర్చుకోనక్కరలేదని తెలిసినప్పుడు వారి ముఖాలు వికసించడం నేను చూశాను.

మా పాత ల్యాప్‌టాప్ మీటల మీద చిన్న కాగితపు ముక్కలు అతికించి, ఎడమ పక్కన తెలుగు, కుడి పక్కన ఒడియా రాసి పెట్టాను. కిందటి నెల 'మ' మీట మీది ముక్క ఊడిపోయింది. మరునాడు నేను సరిచేయబోయేసరికి, మూడో తరగతి పాప ఒకతె తన నోటుపుస్తకం అంచు చింపి, పెన్సిలుతో రెండు 'మ'లూ తానే రాసి, అన్నం మెతుకుతో అతికించి ఉంచింది.