ఎముక లేదు, పెంకూ లేదు

డికిన్సోనియా అనే పురాతన సముద్ర జీవి శిలాజం ఫొటోను జూమ్ చేసి అలాగే చూస్తూ ఉండిపోయాను. ఎముక, పెంకు ఏవీ లేని మెత్తని ఒళ్లు. అయినా సుమారు 55 కోట్ల ఏళ్ల తర్వాత కూడా దాని మీది సన్నని గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు!

అదీ మెత్తటి బురదలో కాదు, గరుకు ఇసుకలో. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియకారా కొండల్లో 1946లో భూగర్భ శాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్ గుర్తించినవి ఇలాంటి అచ్చులే.

అప్పటి సముద్రం అడుగున సూక్ష్మజీవులు పొరగా పరుచుకుని ఉండేవి. తుఫాను వస్తే ఇసుక వచ్చి ఆ పొరనీ, దాని మీది జీవుల్నీ కప్పేసేది. ఆ పొర వల్ల ఇనుము ఖనిజాలు ఆ జీవుల మీద ముసుగులా బిగుసుకున్నాయని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. కాదు, ఒళ్లు కుళ్లిపోయేలోపే ఇసుక రేణువుల్ని నీళ్లలో కరిగి ఉన్న సిలికా అనే పదార్థం అతికించేసిందని ఇంకొందరు.

నాకు సిలికా మాటే ఎక్కువ నమ్మాలనిపిస్తోంది. ఆ కాలపు సముద్రపు నీళ్లలో అది ఇప్పటికంటే చాలా ఎక్కువగా ఉండేదట. దాన్ని వాడుకుని గుల్లలు కట్టుకునే సూక్ష్మమైన నాచు జీవులు, డయాటమ్‌లు అప్పటికి ఇంకా పుట్టనే లేదు మరి.