ఇరవై పాయింట్ల ఓటమి తరువాతి ఏడాది: వర్జీనియా 2018–19 సీజన్

అమెరికా కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్‌లో 2019 విజేత యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా అని చెప్పగానే, “వాళ్లకు అదృష్టం కలిసొచ్చింది” అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉత్తర వర్జీనియాలో ఉంటూ ఆ సీజన్‌ను నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వెంటపడి చూసిన నాకు ఆ మాట ఎప్పుడూ మింగుడుపడలేదు. అదృష్టం పాత్ర లేదని నేను అనను. కానీ ఆ మాటతో సరిపెట్టుకుంటే ఆ జట్టు చేసిన అసలు పని కనిపించకుండా పోతుంది.

కథ అంతకు ముందు సంవత్సరం మొదలవుతుంది. మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంట్‌లో 68 జట్లు ఉంటాయి, ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటిదారి పట్టాల్సిందే. నాలుగు విభాగాలలో ఒక్కోదానిలో బలాన్ని బట్టి 1 (అన్నిటికంటే బలమైనది) నుంచి 16 (అన్నిటికంటే బలహీనమైనది) వరకు సీడింగ్ ఇస్తారు. 2018 వరకు పురుషుల టోర్నమెంట్‌లో ఒకటో సీడ్ జట్టు పదహారో సీడ్‌తో 135 సార్లు తలపడి 135 సార్లూ గెలిచింది. 2018 మార్చి 16న షార్లట్‌లో ఆ రికార్డు తెగిపోయింది. టోర్నమెంట్ మొత్తానికే మొదటి స్థానంలో ఉన్న వర్జీనియాను, యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్, బాల్టిమోర్ కౌంటీ (యూఎంబీసీ) జట్టు 74–54తో ఓడించింది. విరామ సమయానికి స్కోరు 21–21. ఆ తరువాతి ఇరవై నిమిషాలలోనే యూఎంబీసీ 53 పాయింట్లు చేసింది. ఆ ఏడాది వర్జీనియా ఒక మ్యాచ్ మొత్తంలో ప్రత్యర్థికి ఇచ్చిన సగటు కూడా దాదాపు అంతే. ఆ మ్యాచ్‌కు వర్జీనియా ఆటగాడు డీఆండ్రే హంటర్ మణికట్టు విరిగి దూరమైన మాట నిజమే గాని, ఇరవై పాయింట్ల తేడాకు అదొక్కటే జవాబు కాదు.

వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ ఆ రాత్రి సాకులేవీ వెతకలేదు. ఎదుటి జట్టు తమకంటే బాగా ఆడిందని ఒప్పుకున్నాడు. తరువాతి నెలల్లో ఆయన తరచు చెబుతూ వచ్చిన మాట ఒకటుంది: కష్టాన్ని సరిగ్గా వాడుకుంటే, మరే దారిలోనూ చేరలేని చోటికి అది మనల్ని చేరుస్తుంది. ఒక కథకుడి ప్రసంగంలో ఆయన విన్న మాట అది. జట్టులోని కైల్ గై తన మానసిక ఆందోళన గురించి, దానికి తాను పొందుతున్న చికిత్స గురించి దాచకుండా మాట్లాడాడు. ఇరవై ఏళ్ల కుర్రవాడు ఆ వయసులో, అన్ని కళ్లూ తన మీదే ఉన్నప్పుడు అలా మాట్లాడడం నా దృష్టిలో ఆ సీజన్‌లోని గొప్ప విషయాలలో ఒకటి.

ఓటమి తరువాత వచ్చిన విమర్శ బెనెట్ పద్ధతి మీదే. తండ్రి డిక్ బెనెట్ రూపొందించిన ప్యాక్‌లైన్ డిఫెన్స్‌నే ఆయన నమ్ముకున్నాడు. అందులో బంతి ఉన్న ఆటగాడిని ఒకరు గట్టిగా అడ్డుకుంటారు. మిగతా నలుగురూ తమ మనుషుల వెంట దూరం పోకుండా, రింగ్ నుంచి సుమారు 16 అడుగుల దగ్గర ఊహించుకున్న గీత లోపలే ఉండి దారులు మూసేస్తారు. దాడిలోనూ తొందర ఉండదు, మంచి షాట్ దొరికేదాకా బంతిని తిప్పుతూనే ఉంటారు. ఇలా నిదానంగా ఆడితే మ్యాచ్‌లో అవకాశాల సంఖ్య తగ్గుతుంది, అవకాశాలు తగ్గినకొద్దీ బలహీనమైన జట్టు కూడా గెలవడానికి వీలు పెరుగుతుంది అన్నది విమర్శకుల వాదన. అందులో తర్కం ఉంది. అయినా బెనెట్ పునాదిని కదపలేదు. దాడిలో స్క్రీన్ల (తోటి ఆటగాడికి ఖాళీ దొరికేలా ప్రత్యర్థి దారికి అడ్డుగా నిలబడడం) వాడకం కొంత పెరిగింది, గై, హంటర్ ఇద్దరూ తాము తీసుకున్న మూడు పాయింట్ల షాట్లలో నలభై శాతానికి పైగా వేశారు, టై జెరోమ్ ఆటను నడిపించాడు. కీహే క్లార్క్ అనే అయిదడుగుల తొమ్మిదంగుళాల కొత్త కుర్రవాడు వచ్చి చేరాడు. ఆట వేగం మాత్రం అదే, దేశంలో అందరికంటే నిదానం.

సీజన్ మొత్తంలో ఓడినవి మూడే. డ్యూక్ చేతిలో రెండుసార్లు, తమ కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) టోర్నమెంట్ సెమీఫైనల్లో ఫ్లోరిడా స్టేట్ చేతిలో ఒకసారి. మళ్లీ ఒకటో సీడ్ వచ్చింది, మళ్లీ పదహారో సీడ్ ఎదురైంది. సౌత్ కరోలినాలోని కొలంబియాలో గార్డ్‌నర్‌-వెబ్ జట్టు ఒక దశలో 14 పాయింట్ల ఆధిక్యానికి వెళ్లింది. విరామానికి వర్జీనియా 36–30తో వెనకబడే ఉంది. చూస్తున్న మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చివరికి 71–56తో గెలిచారు. ఓక్లహోమా, ఓరెగాన్‌ల మీద గెలుపుల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు.

ఇక లూయిస్‌విల్‌లో పర్‌డ్యూ మ్యాచ్. ఆ రోజు పర్‌డ్యూ ఆటగాడు కార్సెన్ ఎడ్వర్డ్స్ ఒక్కడే 42 పాయింట్లు చేశాడు, అందులో పది మూడు పాయింట్ల షాట్లు. అంత ఎదురుదాడిలోనూ వర్జీనియా మ్యాచ్‌ను చేజారనివ్వలేదు. 5.9 సెకండ్లు మిగిలి ఉండగా మూడు పాయింట్లు వెనకబడి జెరోమ్ ఫ్రీత్రోలకు (ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు) నిలబడ్డాడు. మొదటిది పడింది, రెండోది తప్పింది. గినీ దేశం నుంచి వచ్చిన మమాది డియకిటే గుంపులోంచి చెయ్యి చాపి బంతిని వెనక్కి కొట్టాడు. అది సగం కోర్టు దాటి వెళ్లిపోయింది. క్లార్క్ పరుగున వెళ్లి అందుకున్నాడు, తిరిగి నాలుగడుగులు వేశాడు, అంత దూరం నుంచి సూటిగా డియకిటే చేతికి పంపాడు. డియకిటే పట్టుకున్న వెంటనే, బంతిని కిందికి దించకుండానే వేశాడు. బజర్ మోగేటప్పటికి బంతి గాలిలో ఉంది. 70–70. స్కోరు సమమైనందుకు ఇచ్చిన అదనపు సమయంలో, అంటే ఓవర్‌టైమ్‌లో, 80–75తో గెలిచారు. వెనక్కి పోయిన బంతి అదృష్టమే అనుకుందాం. కానీ మిగిలిన మూడు నాలుగు సెకండ్లలో తానే విసిరేయకుండా, ఎవరు ఎక్కడున్నారో చూసి పంపిన ఆ పాస్‌ను అదృష్టం అనడానికి నాకు నోరు రాదు.

మినియాపొలిస్ సెమీఫైనల్లో ఆబర్న్ వరుసగా 14 పాయింట్లు చేసి, నోటిదాకా వచ్చిన కూడు లాగేసుకున్నంత పని చేసింది. గై మూలనుంచి ఒక మూడు పాయింట్ల షాట్ వేసి 61–60కి తెచ్చాడు. ఆబర్న్ ఒక ఫ్రీత్రో వేసి 62కు వెళ్లింది. 0.6 సెకండ్ల దగ్గర మళ్లీ మూలనుంచి మూడు పాయింట్ల షాట్ వేస్తున్న గైకి తగిలినందుకు ఆబర్న్ మీద ఫౌల్ ఇచ్చారు, గైకి మూడు ఫ్రీత్రోలు దక్కాయి. అతను రెండు ఫ్రీత్రోలు వేశాక ఆబర్న్ టైమౌట్ తీసుకుంది, ఆలోచించేకొద్దీ చెయ్యి వణుకుతుందని. అతను వచ్చి మూడోదీ వేశాడు. 63–62. అంతకు క్షణం ముందు జెరోమ్ చేసిన డబుల్ డ్రిబుల్‌ను (బంతిని నేలకు కొడుతూ ఆపి, మళ్లీ కొట్టడం మొదలుపెట్టే తప్పు) రిఫరీలు పట్టుకోలేదు. ఆబర్న్ అభిమానుల బాధ న్యాయమైనదే, దాన్ని నేను కాదనను. ఫౌల్ మాత్రం నిజమైన ఫౌలే.

ఏప్రిల్ 8న ఫైనల్లో టెక్సాస్ టెక్ మూడు పాయింట్లు ముందున్నప్పుడు జెరోమ్ లోపలికి చొచ్చుకుపోయి, తాను వేయకుండా మూలనున్న హంటర్‌కు ఇచ్చాడు. పదమూడు సెకండ్లు కూడా మిగలలేదు, హంటర్ వేసిన షాట్‌తో 68–68 అయింది. ముందు ఏడాది మణికట్టుకు కట్టుతో కూర్చున్నవాడు ఆ రాత్రి 27 పాయింట్లు చేశాడు, అందులో 22 విరామం తరువాతే. ఓవర్‌టైమ్‌లో వర్జీనియా పన్నెండు ఫ్రీత్రోలు తీసుకుని పన్నెండూ వేసింది. 85–77. విశ్వవిద్యాలయ చరిత్రలో ఈ జట్టుకు అదే మొదటి జాతీయ టైటిల్.

గై, జెరోమ్, హంటర్ ఆ వేసవిలోనే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు, అంటే ప్రొఫెషనల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమానికి, వెళ్లిపోయారు. ఇక్కడి మన తెలుగు కుటుంబాలలో పిల్లలను ఈ విశ్వవిద్యాలయం ఉన్న చార్లట్స్‌విల్‌కు చదువుకు పంపుతున్నవాళ్లు, ఆ సీజన్‌లో ఏ మ్యాచ్ చూడమంటారని అడిగితే, ఫైనల్‌కంటే ముందు పర్‌డ్యూ మ్యాచ్ పెట్టుకుని మొదటినుంచి చూడమంటాను. చివరి ఆరు సెకండ్లు మాత్రమే చూస్తే, ఎడ్వర్డ్స్ ఒక్కో షాట్ వేస్తున్నప్పుడల్లా వర్జీనియా కుర్రాళ్లు ఏమీ జరగనట్టు మళ్లీ తమ తమ చోట్లకు వెళ్లి నిలబడడం కనిపించదు.