ట్రీ కమాండ్‌తో ఫోల్డర్ల పటం గీయడం: నా అనుభవం

ఒక ప్రాజెక్టును వేరేవాళ్లకు అప్పజెప్పేముందు, రీడ్‌మీలో (ప్రాజెక్టును పరిచయం చేసే ఫైల్లో) ఫోల్డర్ల అమరికను చూపించాల్సి వచ్చింది. ఆ పనికి ట్రీ అనే చిన్న కమాండ్ చాలు. ఉబుంటూలో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ట్రీ’, మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ఇన్‌స్టాలర్ ఉంటే ‘బ్రూ ఇన్‌స్టాల్ ట్రీ’. విండోస్‌లో అదే పేరుతో ఒకటి ముందే ఉంటుంది గానీ అది వేరే ప్రోగ్రాము: మామూలుగా ఫోల్డర్లే చూపిస్తుంది, ఫైళ్లు కూడా కావాలంటే ‘/ఎఫ్’ పెట్టాలి, ఎంత లోతు వరకు అన్నది చెప్పే వీల్లేదు.

ఉత్తినే ట్రీ అని కొడితే, నోడ్ మాడ్యూల్స్ (జావాస్క్రిప్ట్ లైబ్రరీలు చేరే పెద్ద ఫోల్డరు) ఉన్న ప్రాజెక్టులో తెర ఆగకుండా పరిగెడుతూనే ఉంటుంది. అందుకే ముందు లోతు తగ్గించాను: ‘ట్రీ -ఎల్ 2’. ఈ ఎల్ పెద్దక్షరమే కావాలి. చిన్న ఎల్ అంటే సింబాలిక్ లింకుల (వేరేచోటున్న ఫైలుకో ఫోల్డరుకో దారి చూపేవాటి) వెంట కూడా వెళ్లమని. పొరపాటున అది కొడితే ట్రీ ఆ 2ను ఫోల్డరు పేరనుకుని, తెరవలేకపోయానని చెప్పి, సున్నా డైరెక్టరీలు, సున్నా ఫైళ్లు అని ముగిస్తుంది. అది చూసి పర్మిషన్లు వెతుక్కోనక్కర్లేదు, అక్షరం సరిచేస్తే చాలు.

అసలు పని వద్దన్నవి తీసేయడంలోనే ఉంది. దానికి పెద్ద ఐ: ‘-ఐ "నోడ్_మాడ్యూల్స్|డిస్ట్"’. కోట్స్ తప్పనిసరి. లేకపోతే ఆ నిలువు గీతను షెల్ (మన కమాండ్లను చదివి నడిపేది) పైపు అనుకుని, అంటే ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి పంపే గుర్తనుకుని, డిస్ట్ అనే కమాండ్ కోసం వెతికి, దొరకలేదంటుంది.

చుక్కతో మొదలయ్యే ఫైళ్లను ట్రీ దానంతటది చూపించదు. నాకు మాత్రం సెట్టింగుల ఫైళ్లు కొన్ని కనబడాలి కాబట్టి ‘-ఎ’ (చిన్నక్షరం) పెట్టాను. పెట్టగానే గిట్ తన మార్పుల చరిత్రను దాచుకునే చుక్క-గిట్ ఫోల్డరు మొత్తం బయటికొచ్చింది. అందులో ఆబ్జెక్ట్స్ కింద రెండేసి అక్షరాల పేర్లతో 256 వరకు ఫోల్డర్లు ఉండొచ్చు. వద్దన్న జాబితాలో ‘.గిట్’ చేర్చితే పోతుంది. పేరు మొత్తం కలిస్తేనే తీసేస్తుంది గనుక ‘.గిట్‌ఇగ్నోర్’ ఫైలు (గిట్ పట్టించుకోకూడనివాటి జాబితా) భద్రంగానే ఉంటుంది. వెర్షన్ 2.0 నుంచి ‘--గిట్‌ఇగ్నోర్’ అనే ఆప్షనే ఉంది, ఆ ఫైల్లో రాసినవాటిని అదే వదిలేస్తుంది. అందుబాటులో ఉంటే అదే మేలు, కాకపోతే ‘-ఎ’తో కలిపి వాడితే ‘.గిట్’ను విడిగా తీసేయాల్సిందే. ‘ట్రీ --వెర్షన్’ కొట్టి ముందే చూసుకోండి.

ఒక్క రకం ఫైళ్లే కావాలంటే పెద్ద పి: ‘-పి "*.పై"’. దీనికీ కోట్స్ వదలకూడదు. ఫైళ్లు వడపోస్తుంది గానీ ఫోల్డర్లను వదలదు, ఖాళీ కొమ్మలు బోలెడు మిగిలిపోతాయి. ‘--ప్రూన్’ కలిపితే అవి రాలిపోతాయి. కాకపోతే ప్రూన్ చేయడానికి ట్రీ అన్నిటినీ ముందు మెమరీలోకి చదువుకుంటుంది, పెద్ద ఫోల్డర్ల మీద కాసేపు కదలిక లేనట్టు కనిపిస్తుంది. ఇలా వడపోసినప్పుడు చివర్లో వచ్చే లెక్క తప్పవచ్చని దాని మాన్యువలే చెబుతోంది, అందుకే ‘--నోరిపోర్ట్’తో దాన్ని తీసేశాను.

తెలుగు పేర్లున్న ఫైళ్లు, ప్రోగ్రాములను విడిగా నడిపే డాకర్ కంటైనర్‌లో మరోలా కనిపించాయి. ‘అ’ ఉండాల్సిన చోట ‘\340\260\205’. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు, గుణింతపు గుర్తుకు ఇంకో మూడు. లోకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) సెట్ చేయని చోట ట్రీ వాటిని అచ్చువేయదగిన అక్షరాలుగా గుర్తించక, ఒక్కో బైటును అంకెలుగా రాసేస్తుంది. ఫైళ్లకు ఏమీ కాలేదు. పెద్ద ఎన్ ఇస్తే (‘-ఎన్’) పేర్లు ఉన్నవున్నట్టు వస్తాయి, లాంగ్ వేరియబుల్‌ను ‘సి.యూటీఎఫ్-8’గా పెడితే ఇంకా శుభ్రం.

చివరి చిక్కు కంటికి కనబడనిది. రీడ్‌మీలో అతికించాక ఆ గీతల పక్కన ఉన్న ఖాళీని ఎడిటర్‌లో వెతికితే దొరకలేదు. యూటీఎఫ్-8లో గీసేటప్పుడు ‘│’ తర్వాత ట్రీ పెట్టేది మామూలు స్పేస్ ఒక్కటే కాదు, దాని ముందు చూడ్డానికి మామూలువాటిలాగే ఉన్నా వేరే అక్షరాలైన విడిపోని (నాన్-బ్రేకింగ్) స్పేస్‌లు రెండు ఉంటాయి. వెతికే, మార్చే కమాండ్లైన సెడ్, గ్రెప్ వాటిని స్పేస్‌గా పట్టుకోవు. ‘--ఛార్‌సెట్=ఆస్కీ’ ఇస్తే గీతలు ‘|--’గా మారతాయి, ఖాళీలూ మామూలువే వస్తాయి. అందం కాస్త తగ్గినా నేను రీడ్‌మీలో అదే ఉంచాను, ‘--డర్స్‌ఫస్ట్’తో ఫోల్డర్లను పైకి తెచ్చి, ‘-ఓ’తో నేరుగా ఫైల్లోకి రాయించి.