కైలాష విన్న ఆదివారం

ఈరోజు మధ్యాహ్నం ఫ్యాను ఆపేసి, కిటికీ తలుపులు దగ్గరగా వేసి, ఫ్రెంచ్ సంగీతకర్త్రి ఎలియాన్ రాడిగ్ రచించిన ‘ట్రిలోజీ ద లా మోర్’ (మృత్యుత్రయం)లో మొదటి రెండు భాగాలను స్పీకర్లలో విన్నాను. ఫ్యాను ఆపడం తప్పనిసరి, ఎందుకంటే ఈ సంగీతంలోని మంద్రనాదాలు దాని హోరులో పూర్తిగా కలిసిపోతాయి. హెడ్‌ఫోన్లలో ఇంతకుముందు విన్నదీ ఇదీ ఒకే రచన అని నమ్మడం కష్టమయింది. గదిలో వింటున్నప్పుడు తల కొద్దిగా పక్కకు తిప్పినా ఒక స్వరం సన్నగిల్లి, అంతవరకూ లేదనుకున్న మరొకటి పైకి వచ్చింది. గోడలకు తగిలి వచ్చే నాదం కొన్నిచోట్ల బలపడి, కొన్నిచోట్ల అణగిపోవడమే అందుకు కారణం.

మూడు భాగాలూ ఒక్కొక్కటి దాదాపు గంటసేపు సాగుతాయి. ‘క్యేమా’ 1988లో, ‘కైలాష’ 1991లో, ‘కూమే’ 1993లో పూర్తయ్యాయి. మూడూ కలిపి 1998లో న్యూయార్క్ నుంచి సీడీలుగా వెలువడ్డాయి. తాళం లేదు, పాట లేదు, రాగమని చెప్పదగిన స్వరసంచారమూ లేదు. ఆర్ప్ 2500 అనే సింథసైజర్ (విద్యుత్తుతో నాదాలను పుట్టించే యంత్రం) నుంచి పుట్టిన నాదాలు ఒకదానిలోంచి మరొకటిగా, ఎప్పుడు మారాయో చెప్పలేనంత నెమ్మదిగా మారుతుంటాయి. 1970ల ఆరంభంలో న్యూయార్క్‌లో ఆ యంత్రాన్ని సంపాదించుకున్న రాడిగ్, దాని కీబోర్డును కావాలనే అక్కడే వదిలేసి, మిగిలిన భాగాలను పారిస్‌కు తెచ్చుకున్నారు. మెట్లు ఉంటే వేళ్లు వాటి మీదికే పోతాయి. ఆమెకు కావలసింది మెట్టుకూ మెట్టుకూ మధ్యనున్న చోటు. ఆ ఒక్క నిర్ణయంలోనే ఆమె సంగీతమంతా ఉందని నా నమ్మకం.

ఇంటర్ భౌతికశాస్త్రంలో విస్పందనాలు అని చదువుకున్నది ఇక్కడ చెవికి అందుతుంది. ఒక నాదం సెకనుకు 220 కంపనాలతోనూ, రెండవది 221 కంపనాలతోనూ మోగితే మనకు రెండు స్వరాలు వినిపించవు. సెకనుకు ఒకసారి పెరిగి తగ్గే ఒకే నాదం వినిపిస్తుంది. ఆ తేడాను వెంట్రుకవాసి మార్చితే ఆ పెరగడం, తగ్గడం కూడా మారుతుంది. రాడిగ్ ఇటువంటి మార్పులను చేతితో, అతి నిదానంగా చేస్తూ టేపుల మీద రికార్డు చేసుకునేవారు. ఆ టేపులన్నిటినీ చివరకు ఒకే ఊపులో కలపవలసి వచ్చేది కనుక, గంట రచనలో ఎక్కడ పొరపాటు జరిగినా మళ్లీ మొదటినుంచి కలపవలసిందే. ఆ ఓపికను తలుచుకుంటే, మనం ఒక గంట కదలకుండా కూర్చోవడం ఏమంత పెద్ద విషయం కాదనిపిస్తుంది.

‘కైలాష’ సగంలో ఉండగా మా పిన్ని వచ్చింది. ఆవిడ చాలాకాలం పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పింది. గుమ్మంలోనే ఆగి, “శ్రుతి బాగా నిలిచిందే, పాట ఎప్పుడు మొదలవుతుందమ్మా?” అని అడిగింది. పాట ఉండదు పిన్నీ, ఇదే సంగీతం అని చెప్పాను. వెళ్లిపోతుందనుకుంటే కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి, “పైన పంచమం మోగుతోంది, వింటున్నావా? అది ఎవరూ వాయిస్తున్నది కాదు, లోపలినుంచే పుడుతోంది” అంది. సారణి, అనుసారణి తీగలు ఒక్కటయ్యేదాకా చెవి ఒగ్గి తంబూరా శ్రుతి చేసిన మనిషికి నేను వివరించవలసింది ఏమీ మిగల్లేదు. మన కచేరీలలో తంబూరా గాయకుడి వెనుక ఉంటుంది. ఇక్కడ ముందు ఎవరూ లేరు కనుక, ఆ వెనుకనున్నదే మన ఎదుటికి వస్తుంది.

ఇటువంటి సంగీతాన్ని నిద్ర పట్టడానికో, పని చేసుకుంటూ వెనుక పెట్టుకోవడానికో వాడేవారు చాలామంది ఉన్నారు. గమనించకపోయినా ఫరవాలేదన్న ఉద్దేశంతోనే చేసిన యాంబియెంట్ సంగీతం ఉంది, దాని విలువ దానిది. రాడిగ్ రచనలను మాత్రం అలా వాడితే వాటిలో ఉన్నది మనకు చేరదని గట్టిగా అనుకుంటున్నాను. ఆమె 1970లలోనే టిబెటన్ బౌద్ధాన్ని స్వీకరించి, కొన్నేళ్లు సంగీతాన్ని పక్కనపెట్టి సాధనలో గడిపారు. మరణానికీ పునర్జన్మకూ మధ్యనున్న స్థితులను వివరించే టిబెటన్ గ్రంథం ‘బార్దో తోదోల్’ ‘క్యేమా’కు ఆధారం. ఆ భాగం పూర్తయిన మరుసటి ఏడాది, 1989లో, ఆమె కొడుకు ఈవ్ కారు ప్రమాదంలో మరణించాడు. దాని తరువాత వచ్చిన ‘కైలాష’ కైలాస పర్వతం చుట్టూ ఊహలో చేసిన ప్రదక్షిణ.

ఈ సంగతి చెప్పినప్పుడు పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. “ఏడుపు ఎక్కడా వినపడలేదే” అంది చివరకు. నాకూ వినపడలేదు. ‘క్యేమా’లో లేని ఒక అస్థిరత మాత్రం ‘కైలాష’లో ఉంది: పైకి ఎక్కుతున్నామో కిందికి దిగుతున్నామో తెలియదు, ఒక నాదం ఆధారంగా నిలిచిందనుకునేలోగా అది పక్కకు జరుగుతుంది. మూడింటిలో నాకు అత్యంత ప్రియమైనది ఇదే. ‘కూమే’ కూడా వెంటనే విందామని పిన్ని అడిగింది కానీ, వచ్చే ఆదివారం విందామని చెప్పాను.