అప్రెంటిస్ ఫిన్లే

డొనాల్డ్ ఫిన్లే పేరెత్తితే ట్రాక్ మీద తిరిగినవాళ్లు హర్డిల్స్‌లో అతను గెలిచిన రెండు ఒలింపిక్ పతకాల సంగతి చెబుతారు, విమానాల పిచ్చి ఉన్నవాళ్లు 1940లో అతను నడిపిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం గురించి చెబుతారు. టెక్నికల్ ట్రైనింగ్ స్కూల్లో చదివి బయటపడ్డ మనవాళ్ల సంచికలో అతని కథ వర్క్‌షాప్ దగ్గర మొదలవ్వాలి. 1909లో ఇంగ్లండులోని క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టిన ఫిన్లే, 1925లో హాల్టన్‌లోని బ్రిటిష్ వైమానిక దళం (రాయల్ ఎయిర్‌ఫోర్స్) టెక్నికల్ స్కూల్లో అప్రెంటిస్‌గా చేరాడు.

హాల్టన్ చదువంటే మూడేళ్లు. పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లు చేతికి చక్రం బ్యాడ్జీ పెట్టుకుని, బ్యాండు వెనక కవాతు చేస్తూ వర్క్‌షాపుకు వెళ్లేవారు. మొదటి పాఠం వైసులో (ముక్కను కదలకుండా పట్టే బిగింపు పనిముట్టులో) బిగించిన ఇనుప ముక్క, చేతిలో ఆకురాయి. ఆకురాయి పట్టినవాడికి తెలుసు: చేయి ఊగితే అంచులు అరిగిపోయి, మధ్యలో గుబ్బ మిగులుతుంది. ఒకసారి ఎక్కువ రాపిడి పడ్డాక పోయిన లోహం తిరిగి రాదు, కొత్త ముక్క తీసుకోవాల్సిందే. ఫిన్లే పైలట్ శిక్షణకు ఎంపికైందీ, ఆఫీసరైందీ ఆ తర్వాతే.

ఇక హర్డిల్స్. 110 మీటర్ల పరుగులో దాటాల్సిన అడ్డుకంచెలు, అంటే హర్డిళ్లు, పది, ఒక్కోటి 106.7 సెంటీమీటర్ల ఎత్తు. బయల్దేరే గీత నుంచి మొదటిదానికి 13.72 మీటర్లు, హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 9.14, ఆఖరిదాని తర్వాత 14.02. ఇంగ్లండులో ఆ రోజుల్లో పరుగు 120 గజాలది. హర్డిళ్ల లెక్క అదే, చివర ఉరికే దూరమే పావు మీటరు తగ్గుతుంది. మొదటి హర్డిల్‌కు అప్పట్లో ఎనిమిది అడుగులు, మధ్యలో మూడేసి. నాలుగో అడుగు వేస్తే కాలు మారిపోతుంది, లయ పోతుంది. రెండు మీటర్ల ముందు నుంచే కాలు లేపాలి. మరీ దగ్గరికొచ్చి లేపితే గాల్లోకి ఎగరడమే తప్ప ముందుకు సాగడం ఉండదు. వెనక కాలు మోకాలి దగ్గర మడిచి, పక్కనుంచి చంక కిందికి లాక్కురావాలి. అది బద్ధకించిందా, చీలమండ కర్రకు తగులుతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఎనిమిదో హర్డిల్ దాటాకే. అలసటతో అడుగు కురచవుతుంది, మూడడుగుల్లో దూరం అందదు, వాడు సాగదీస్తాడు, నడుము వెనక్కి పడుతుంది. పైగా అప్పటి ట్రాకులు బొగ్గు రవ్వతో వేసినవి. పరుగు మొదట్లో పాదాలు ఆనించే స్టార్టింగ్ బ్లాకులు లేవు. ఒలింపిక్స్‌లోకి అవి 1948లోనే వచ్చాయి. అంతవరకూ ఎవరి గుంట వారే చిన్న తాపీతో తవ్వుకునేవారు.

1932 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్ ఫైనల్లో మొదటివాడు జార్జ్ సేలింగ్ 14.6, రెండోవాడు పెర్సీ బియర్డ్ 14.7 సెకన్లు. మూడోవాడు అమెరికన్ జాక్ కెల్లర్ అని మొదట ప్రకటించారు. తర్వాత ముగింపు గీత దగ్గర తీసిన ఫిల్మ్ చూస్తే ముందున్నది ఫిన్లే అని తేలింది. కెల్లర్ తన దగ్గరున్న కాంస్యాన్ని తెచ్చి ఫిన్లేకు ఇచ్చేశాడు. కంటితో చూసి తీర్పు చెప్పే రోజుల్లో ఆ ఫిల్మే లేకపోతే ఈ పతకమే లేదు. 1936 బెర్లిన్‌లో ఫారెస్ట్ టౌన్స్ 14.2తో గెలిచాడు, ఫిన్లే 14.4తో రజతం. మూడో స్థానంలో వచ్చిన ఫ్రిట్జ్ పొలార్డ్‌కూ అదే 14.4. 1934 ఎంపైర్ గేమ్స్ (ఇప్పటి కామన్వెల్త్ క్రీడలు) స్వర్ణం, 1938 పారిస్‌లో యూరప్ టైటిల్, 1932 నుంచి 1938 దాకా ఏటా ఇంగ్లండు జాతీయ టైటిల్ అతనివే. వీటి గురించి ఎవరూ అంతగా ముచ్చటించరు గానీ, ఆ ఏడేళ్ల వరస మాత్రం నాకు పతకాలకన్నా పెద్దగా కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 ఆగస్టు చివర్లో, ఫిన్లే 54వ స్క్వాడ్రన్ (యుద్ధవిమానాల దళం) బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి ముప్పై ఒకటి, చుట్టూ ఉన్న పైలట్లలో చాలామంది ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లు. 28న రామ్స్‌గేట్ మీద అతన్ని కూల్చేశారు. గాయాలతో పారాచూట్‌లో దిగాడు. సెప్టెంబరులోనే 41వ స్క్వాడ్రన్ కమాండర్‌గా హార్న్‌చర్చ్ వైమానిక స్థావరానికి వచ్చాడు.

ఆ స్పిట్‌ఫైర్ మార్క్ వన్‌కు చక్రాల మధ్య ఎడం తక్కువ, రేడియేటర్ కుడి రెక్క కింద. నేలమీద నిమిషాలు గడిస్తే ఇంజనును చల్లబరిచే గ్లైకాల్ ద్రవం మరిగిపోతుంది. అందుకే ఇంజను వేసినవాడు కబుర్లు చెప్పకుండా లేవాలి. రెక్కల్లో ఎనిమిది బ్రౌనింగ్ మెషిన్‌గన్‌లు, ఒక్కోదానికి 300 తూటాలు. ట్రిగ్గర్ విడవకుండా నొక్కితే పదిహేను సెకన్లలో ఖాళీ. ఆర్మరర్లు (ఆయుధాలు చూసుకునే సిబ్బంది) గన్ మూతుల మీద ఎర్రటి గుడ్డ ముక్క అంటించేవారు. తేమ చేరి పైన గడ్డకట్టకుండా అది కాపు. విమానం దిగినప్పుడు ఆ గుడ్డ చిరిగి ఉంటే కాల్చినట్టు, చెక్కుచెదరకుండా ఉంటే కాల్చనట్టు. కింద నిలబడ్డవాడికి రిపోర్టు రాకముందే సంగతి అర్థమయ్యేది. గన్‌లన్నిటి తూటాలూ మొదట 400 గజాల దగ్గర కలిసేలా సర్దేవారు. అనుభవజ్ఞులు 250కి తగ్గించుకున్నారు. దూరం నుంచి తూటాలు వృథా చేయడమే కొత్తవాళ్ల తప్పు. ఆ విమానపు మెర్లిన్ ఇంజను కార్బురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని సర్దే ఫ్లోట్ (తేలే బుడ్డి) ఉండేది. ముక్కు ఒక్కసారిగా కిందికి తోస్తే పెట్రోలు పైకెగిరి ఇంజను దగ్గుతుంది. శత్రువైన జర్మన్ల మెసర్‌ష్మిట్ విమానానికి ఇంధనాన్ని నేరుగా చిమ్మే ఇంజెక్షన్ ఉంది, ఆ బెడద లేదు. కాబట్టి స్పిట్‌ఫైర్ పైలట్లు విమానాన్ని తలకిందులుగా తిప్పి లాగుతూ డైవ్‌లోకి వెళ్లేవారు.

1942లో డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్), 1944లో ఏఎఫ్‌సీ (ఎయిర్‌ఫోర్స్ క్రాస్) పతకాలు. గ్రూప్ కెప్టెన్ దాకా ఎదిగాడు. 1966లో కారు ప్రమాదంలో పక్షవాతం వచ్చింది, 1970 ఏప్రిల్లో కన్నుమూశాడు.

యుద్ధం అయ్యాక మళ్లీ బూట్లు కట్టాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో క్రీడాకారుల తరఫున ప్రమాణం చేసింది ముప్పై తొమ్మిదేళ్ల ఫిన్లే. తన హీట్‌లో ఆఖరి హర్డిల్ దగ్గర పడిపోయాడు. మరుసటి ఏడు నలభయ్యో ఏట మళ్లీ జాతీయ టైటిల్, 1950 ఆక్లాండ్ ఎంపైర్ గేమ్స్‌లో నాలుగో స్థానం. కాళ్లు అన్నాళ్లు నిలిచాయంటే, మూడడుగుల లెక్క తప్పకపోబట్టే.