మా ఊరి హాలు తాళంచెవి

ఒడిశాలోని గజపతి జిల్లాలో, కాశీనగరానికి దగ్గరగా, వంశధార ఒడ్డున ఉన్నది మా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ నడుస్తాయి. ఊరి నడుమ రావిచెట్టు పక్కన ఎంపీ నిధులతో కట్టిన కమ్యూనిటీ హాలు చాలా ఏళ్లపాటు పెళ్లి భోజనాలకూ, పోలింగు రోజుకూ తప్ప తెరుచుకోలేదు. ఊరివారి వినోదం కోసమని వచ్చిన టీవీ, రెండు కేరమ్ బోర్డులు, వాలీబాల్ వల లోపలి గదిలో అట్టపెట్టెలు విప్పకుండానే ఉండిపోయాయి. ఏ వారం ఏ కార్యక్రమమో గోడ మీద ఒడియాలో చక్కగా రాసి ఉండేది గాని, తాళంచెవి ఎవరి ఇంట్లో ఉన్నదో అందులో లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున గంటకు 140–150 కిలోమీటర్ల గాలితో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీద పడినప్పుడు, ఇంటి కప్పు ఎగిరిపోయిన వారందరికీ ఆ హాలే దిక్కయింది. తాళంచెవి ఉన్న పెద్దమనిషి ఆ రోజు ఊళ్లో లేరు కనుక గడ్డపారతో తాళం పగలగొట్టవలసి వచ్చింది. కరెంటు లేని ఆ రాత్రుల్లో పిల్లలు భయపడకుండా ఉండాలని మా పెదమావయ్య లాంతరు వెలుగులో గచ్చు మీద బొగ్గుతో పులి-మేక పటం గీశారు: 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతపిక్కలు సరిపోయాయి. పులి మేక మీదుగా దూకి దానిని తీసేస్తుంది. మేకలు ఒకదాని వెనుక ఒకటి నిలిచి దూకేందుకు చోటు లేకుండా చేస్తే పులి కట్టుబడిపోతుంది. పులిని పట్టినవాడికి చురుకుదనం చాలును గాని, మేకలను నడిపేవాడికి ఓపిక కావాలని నాకు ఆ రాత్రులలోనే తెలిసింది, ఎందుకంటే నేను వరుసగా ఓడిపోయాను.

వాన వెలిసి ఎవరిళ్లకు వారు వెళ్లిపోయినా ఆ పటాన్ని ఎవరూ చెరపలేదు. హాలుకు కొత్త తాళం కొన్నాము. తాళంచెవిని ఈసారి ఎవరి ఇంటికీ పంపకుండా ఎదురుగా ఉన్న టీకొట్టు గోడకు మేకు కొట్టి తగిలించాము. పొద్దున్నే తెరిచి రాత్రి మూసే కొట్టు అది. ఎవరికి కావాలంటే వారు తీసుకోవచ్చు, ఎవరినీ అడగనక్కరలేదు. ఇంతకు మించిన ప్రణాళిక ఏదీ మేము వేయలేదు.

వేళల సంగతి మాత్రం ఆడవాళ్లే తేల్చారు. గోడ మీది పట్టికలో మహిళల కార్యక్రమం సాయంత్రం ఆరింటికని ఉండేది. అది పొయ్యి వెలిగించే వేళ. వారికి తీరిక దొరికేది మధ్యాహ్నం అంట్లు తోముకున్న తరువాత, పశువులు ఇంటికి తిరిగి రాకముందు, మహా అయితే రెండు గంటలు. మిషన్ శక్తి అనే మహిళా పొదుపు సంఘం లెక్కలు చూసుకోవడం ఆ వేళకు మారిన నాటి నుంచి, లెక్కలు ముగిశాక వామనగుంటల పీట దిగుతున్నది. మా అప్ప ఆ ఆటలో ఎదుటివారి పిక్కలను చూపుతోనే లెక్కపెడుతుంది. సంఘం పద్దు కూడా ఆమె చేతిలోనే ఉండడం కాకతాళీయమని నేను అనుకోను.

మగవారి సాయంత్రాలు అంత సాఫీగా సాగలేదు. కేరమ్స్‌తో మొదలై పేకాటకు, అక్కడి నుంచి డబ్బు పందేలకు దిగింది వ్యవహారం. మొదట్లో నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను, అది నా తప్పే. చివరకు టీకొట్టు ఆసామి రాత్రి ఏడున్నర తరువాత తాళంచెవి ఇవ్వడం మానేశాడు. రెండు నెలలు కొందరు అతని కొట్టులో టీ తాగలేదు, తరువాత తాగారు.

పండుగల్లో హాలుకు నిజమైన కళ రజ పండుగకే వస్తుంది. జూన్ నడుమ మిథున సంక్రాంతికి అటూ ఇటూ మూడు రోజులు భూదేవి రజస్వల అయినదని ఒడియావారు నాగలి పట్టరు, ఆడపిల్లలకు ఇంటి పని చెప్పరు. మా తెలుగు ఇళ్లలో ఆ ఆచారం లేకపోయినా, రావికొమ్మకు ఉయ్యాల తాళ్లు పడగానే పిల్లలు ఎవరింట ఏ ఆచారమని చూడరు. ఒడియా ఇళ్ల నుంచి బెల్లం, కొబ్బరి వేసి కాల్చిన పోడపిఠా వస్తుంది, మా వైపు నుంచి అరిసెలు వెళతాయి. ఉయ్యాల ఎక్కే వరుస మీద తగాదాలు మాత్రం రెండు భాషల్లోనూ జరుగుతాయి.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు జరుపుకోవడం ఈ మధ్య అలవాటు చేసుకున్నాము. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, కొండల్లోని సవరల భాష నేర్చుకుని, 1936లో ఆ పట్టణం ఒడిశాలో చేరినప్పుడు అక్కడ ఉండలేక రాజమండ్రికి వెళ్లిపోయినవారు ఆయన. వాడుక భాషలోనే రాయాలని పోరాడినవారు కనుక, ఇంత బిగువుగా రాస్తున్నందుకు నన్ను తప్పక మందలించేవారు. ఉపన్యాసాలకు పిల్లలు ఆవులిస్తున్నారని, ముసలమ్మలతో పెళ్లిపాటలు పాడించి, ఆడపిల్లల చేత వాటిని రాయించడం మొదలుపెట్టాము. వారికి తెలుగు అక్షరాలు రావు కనుక తెలుగు పాటలను ఒడియా లిపిలోనే రాసుకుంటారు. అయితే ఆ లిపిలో ఎ, ఏలకు ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. మొన్న ఒక పిల్ల తన నోటుపుస్తకం తెరిచి, పెళ్లికొడుకు పెళ్లికూతురి మేడలో పుస్తె కట్టాడని చదివితే, ఆ పాట చెప్పిన అవ్వ, “మేడ ఎక్కడిదే, మనకున్నది పెంకుటిల్లే కదా” అన్నది. హాలంతా నవ్వింది. ఆ పిల్ల నొచ్చుకోకుండా పెన్సిలు తీసి, దీర్ఘం పలకవలసిన అక్షరాల నెత్తిన చిన్న గీత గీసుకుంటూ పాటను మళ్లీ మొదటి నుంచి చెప్పమని అవ్వను అడిగింది.